శాకాహారి, మద్యం తాగనివారు ఫ్లై టైయింగ్ సాయంత్రానికి వెళ్ళవచ్చా? మిచిగన్ అనుభవంతో జవాబు

మీరు డెట్రాయిట్ శివారు నోవైలో ఉంటున్నారు. శాకాహారి, మద్యం ముట్టరు. ఆఫీసులో ఒకాయన ఫ్లై టైయింగ్, అంటే చేపల ఎర కోసం పురుగు బొమ్మలు కట్టే సాయంత్రానికి, అదీ బీరు కాచి అమ్మే ఒక బ్రూవరీకి రమ్మన్నారు. అక్కడ ఇమడగలనా, ముందుగా ఏమి కొనుక్కోవాలి, పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలో వదిలేయడంలో అర్థం ఏముంది అని అడిగారు. వెళ్ళండి. ఏమీ కొనకుండా వెళ్ళండి. మూడో ప్రశ్నకు మాత్రం జవాబు అంత సులువు కాదు, దాని సంగతి తరువాత చెబుతాను.

నాది భీమవరం వైపు. చేపల మధ్యే పెరిగాను కాబట్టి గాలం నాకు కొత్త కాదు, కానీ ఇక్కడివాళ్ళ పద్ధతి పూర్తిగా వేరు. మన గాలానికి సీసం గుండు బరువు ఉంటుంది, ఆ బరువే దారాన్ని దూరం లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఎర అంటే గాలం మీద ఈకలతో, బొచ్చుతో కట్టిన పురుగు బొమ్మ. దానికి బరువే ఉండదు. అందుకని లైనునే బరువుగా చేస్తారు. 5వ నంబరు లైను మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు తూగుతుంది. రాడ్ వెనక్కి, ముందుకు ఊపినప్పుడు గాలిలో సాగేది ఆ లైనే. పురుగు దాని వెంట పోతుందంతే.

ముందు ఆ సాయంత్రానికి వెళ్ళమనడానికి కారణం ఉంది. ఏటిలో ఎవరూ మీకు ఏమీ నేర్పరు. పొగరు వల్ల కాదు, అక్కడి మర్యాద అలాంటిది. ఒకరు నిలబడి వేస్తుంటే రెండోవారు వంపు దాటి దూరంగా పోవాలి. ఎదురుపడితే 'పైకి వెళ్తున్నారా, కిందికా?' అని అడిగి, వాళ్ళ దారికి అడ్డం రాకుండా తప్పుకోవాలి. అంతకుమించి మాటలుండవు. ట్రౌట్ అనే చేప ఉండే ఇక్కడి చాలా నదుల్లో సీజను ఏప్రిల్ చివరి శనివారం మొదలై సెప్టెంబరు 30న ముగుస్తుంది. మిగిలిన నెలల్లో దాచుకున్న కబుర్లన్నీ చలికాలం బల్ల దగ్గర బయటపడతాయి. ఈ వ్యాపకంలో స్నేహాలు కుదిరేది అక్కడే.

నేను వెళ్ళే చోట ఒక మూల పొడవాటి బల్లలు వేసి ఉంటాయి. ఒక్కొక్కరి ముందు ఒక దీపం, గాలాన్ని బిగించి పట్టే ఒక వైస్, దారపు కండె ఉన్న బాబిన్ ఉంటాయి. కొత్తవాళ్ళ కోసం అదనంగా రెండు మూడు వైస్‌లు ఎప్పుడూ ఉంటాయి. మనం అడగక్కరలేదు, వాళ్ళే కూర్చోబెట్టి చేతికిస్తారు. మోటారు కర్మాగారంలో లోహపు అచ్చులు చెక్కి రిటైరైన పెద్దాయన ఒకరు తన వైస్‌ను తానే తయారుచేసుకున్నారు. డెట్రాయిట్ చుట్టుపక్కల ఇలాంటి చేతులకు కొదవ లేదు. మద్యం గురించి బెంగ పెట్టుకోకండి. సగంమంది సోడాతోనే గడిపేస్తారు, ఎందుకంటే కట్టేది మిల్లీమీటర్ల పని. నేను జంతికలు పట్టుకువెళ్తాను, అవి క్షణాల్లో ఖాళీ అవుతాయి. కాకపోతే తినే బల్ల వేరు. నూనె వేళ్ళతో ముట్టుకుంటే ఈక పోగులు అతుక్కుపోతాయి. ఆ విషయంలో మాత్రం వాళ్ళకు మొహమాటం లేదు, చేతులు తుడుచుకోమని మొహం మీదే చెబుతారు.

మొదట మీతో ఊలీ బగర్ కట్టిస్తారు. 1967లో పెన్సిల్వేనియాకు చెందిన రస్సెల్ బ్లెస్సింగ్ రూపొందించినది ఇది. పెద్ద గాలం, తోకకు మరబూ అనే మెత్తటి ఈక, ఒంటికి షెనీల్ అనే నూగు దారం, దాని మీద చుట్టలుగా పుంజు ఈక. వంకరగా వచ్చినా చేప పట్టించుకోదు కనుకనే కొత్తవాళ్ళకు దీనితో మొదలుపెడతారు. ఇందులో నేర్చుకోవలసింది దారం బిగువు. పూలమాల కట్టే చేతులకు ఇది తొందరగా పట్టుబడుతుంది: వదులైతే జారుతుంది, ఎక్కువైతే తెగుతుంది. ఇంకొకటి, గాలం కన్ను వెనక కాస్త జాగా వదలండి. అక్కడిదాకా ఈకలు కుక్కేస్తే చివరి ముడి వేయడానికి చోటుండదు, మీరు కష్టపడి కట్టిందంతా ఊడిపోతుంది.

తరువాత ఆడమ్స్. ఇది మిచిగన్ సొంతం. 1922లో మేఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో లెనర్డ్ హాలడే కట్టాడు. బోర్డ్‌మన్ నదిలో దానితో మొదట చేపలు పట్టిన మిత్రుడు చార్ల్స్ ఆడమ్స్ పేరే దానికి పెట్టాడు. బూడిద రంగు బొచ్చుతో ఒళ్ళు, నలుపు తెలుపు చారల పుంజు ఈక ఒకటి, గోధుమ రంగు పుంజు ఈక ఒకటి కలిపి చుట్టిన మెడ. ఇది ఫలానా పురుగు అని చెప్పలేం, కానీ నీటి మీద తేలుతుంటే ఏటి పురుగుల్లో చాలావాటిలా కనిపిస్తుంది. నన్నడిగితే ఈ ఒక్కటీ సరిగ్గా కట్టడం వచ్చాక మిగతావి నేర్చుకోవడానికి తొందర అక్కరలేదు.

ఈకల దగ్గర కాసేపు ఆగుతాను, ఆగకపోతే మా ఊరివాళ్ళు నన్ను క్షమించరు. సంక్రాంతికి పుంజుల ఈక రంగు చూసి కాకి, డేగ, సేతువ అని పేర్లు పెట్టే చోటు నుంచి వచ్చాను. ఇక్కడ దుకాణంలో పుంజు మెడ తోలు ఈకలతో సహా ఎండబెట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి అమ్ముతారు. చవక రకాల్లో చాలావాటి మీద 'ఇండియన్' అనే ఉంటుంది. ఖరీదైనవి అమెరికాలోనే ఈకల కోసం ప్రత్యేకంగా పెంచిన జాతులవి, వాటి ఒక్క పొడుగాటి ఈకతో చాలా ఫ్లైలు కట్టవచ్చు. 2011లో అమ్మాయిలు జుట్టులో ఈకలు కట్టుకునే ఫ్యాషన్ వచ్చి దుకాణాలన్నీ ఖాళీ అయ్యాయి, ధరలు ఆకాశానికి ఎగిశాయి. ఆ సంగతి ఎత్తితే పాతవాళ్ళకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఎవరో ఒకరు మిమ్మల్ని ఇండియా నుంచి నెమలి ఈకలు తెమ్మంటారు. మొహమాటపడి ఒప్పుకోకండి. నెమలి ఈకల ఎగుమతిని భారతదేశం నిషేధించింది. ఇక్కడి దుకాణంలో చట్టబద్ధంగా దొరికేవి కొనుక్కుంటారు.

ఇక చేపను వదిలేసే సంగతి. ఇది అహింస అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. గాలం గుచ్చుకుంటుంది, చేప అలసిపోతుంది, వదిలినవాటిలోనూ కొన్ని చస్తాయి. శాకాహారం మీకు నియమం కంటే లోతైన విషయమైతే, ఈ ప్రశ్న మీరే తేల్చుకోవాలి. వదిలే నియమం వెనక ఉన్న కారణం దయ ఒక్కటే కాదు, చరిత్ర కూడా. ఉత్తర మిచిగన్‌లో ఆసేబుల్ నది ఒడ్డున గ్రేలింగ్ అనే ఊరుంది. ఆ పేరు ఒక చేపది. అడవులు నరికి దుంగలను నదుల్లో తోలడం, అడ్డూ అదుపూ లేకుండా పట్టడం, బయటి చేపలను తెచ్చి వదలడం, వీటన్నిటితో 1930ల నాటికి ఆ చేప మిచిగన్‌లో అంతరించింది. ఊరికి పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు అందరూ వెంటపడే బ్రౌన్ ట్రౌట్ కూడా ఇక్కడిది కాదు. జర్మనీ నుంచి గుడ్లు తెప్పించి, పొదిగించి, ఆ పిల్లలను 1884లో ఇదే రాష్ట్రంలో పియర్ మార్కెట్ (Pere Marquette) నదీ వ్యవస్థలో వదిలారు. 1959లో గ్రేలింగ్ దగ్గర ఆసేబుల్ ఒడ్డున 16 మంది సమావేశమై ట్రౌట్ అన్‌లిమిటెడ్ సంస్థను ప్రారంభించారు. పెంచిన చేపలను తెచ్చి నదిలో పోయడం కాదు, నదిని బాగుచేస్తే చేపలు వాటంతట అవే ఉంటాయన్నది వాళ్ళ వాదన. మీ సహోద్యోగి బృందం బహుశా దాని శాఖే అయి ఉంటుంది. చెట్లు నాటే రోజు, నీటి అడుగు పురుగులను లెక్కపెట్టే రోజు కూడా పెట్టుకుంటారు. గాలం వేయకుండా వీటికి మాత్రమే వచ్చేవాళ్ళు, కట్టడం మాత్రమే చేసేవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళను ఎవరూ తక్కువగా చూడరు.

గాలం వేయాలనే నిర్ణయించుకుంటే కొన్ని పట్టింపులు ఉన్నాయి. గాలం మొన వెనక ఉండే ఎదురు ముల్లును శ్రావణంతో నొక్కేయండి. చేపను ముట్టుకునే ముందు చేయి తడుపుకోండి, పొడి చేయి దాని ఒంటి మీది జిగురు పొరను చెరిపేస్తుంది. ఫొటో కోసం నీళ్ళలోంచి ఎత్తి పట్టుకోకండి. నీరు 20 డిగ్రీల సెల్సియస్ దాటితే ట్రౌట్ జోలికి పోవద్దు.

కొనడం విషయానికి వస్తే, 9 అడుగుల 5వ నంబరు రాడ్, రీలు, లైను కలిపి సెట్టుగా దొరుకుతాయి, అది చాలు. ఫ్లై బదులు ఉన్ని ముక్క కట్టి ఇంటి ముందు గడ్డిలో విసరడం అలవాటు చేసుకోండి. 17 ఏళ్ళు నిండినవారికి లైసెన్సు ఉండాలి, అది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు చెల్లుతుంది. మొదటిసారే ఆసేబుల్‌కు పరుగెత్తకండి. మే చివర్లో కెన్సింగ్టన్ పార్కులో ఒడ్డున నిలబడితే బ్లూగిల్ చేపలు మీ వంకర ఫ్లైని కూడా కాదనవు. ఇది చదివే పులుసు ప్రియులకు ఒక మాట: పీఫాస్ అనే, తొందరగా నశించని కర్మాగారపు రసాయనాల వల్ల హ్యూరాన్ నది చేపలు తినవద్దని 2018లో రాష్ట్ర ఆరోగ్య శాఖ హెచ్చరించింది, కెన్సింగ్టన్ చెరువు ఆ నది మీదిదే. ఎక్కడి చేపనైనా వండే ముందు ఆ శాఖ తాజా సూచనలు చూడండి.

ఏటి దగ్గర కూడా మాటలు సాగే సందర్భం ఒక్కటుంది. జూన్ చివర్లో ఆసేబుల్ మీద హెక్స్ అనే పెద్ద మేఫ్లై పురుగులు రాత్రిళ్ళు గుంపులుగా లేస్తాయి. ఏటి బురదలో రెండేళ్ళ వరకు బతికిన పురుగు, రెక్కలు వచ్చాక ఒకటి రెండు రోజులకు మించి ఉండదు. ఈరీ సరస్సు మీద ఇవి లేచినప్పుడు వాతావరణ రాడార్‌లో కూడా కనబడతాయి. చీకటి పడేదాకా చేసేదేమీ లేదు కాబట్టి ఒడ్డున కూర్చుని అందరూ ఎదురుచూస్తారు. నేను పులిహోర తీసుకువెళ్తాను, ఎదుటివారు శాండ్‌విచ్ ఇస్తారు. పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పులు, పోయిన ఏడాది తప్పించుకున్న చేప పొడవు, అన్నీ వస్తాయి. కచ్చితంగా ఎక్కడ పట్టారని మాత్రం అడగకండి, 'మయో వైపు' అంటారు, ఆ వైపు మైళ్ళకొద్దీ నది ఉంది. పొద్దు పోయాక చేప కనిపించదు, నీటి మీద పురుగును మింగే చప్పుడు విని అటు విసరాలి. కొన్ని రాత్రులు పురుగులు లేవనే లేవవు. అయినా మరుసటి రోజు ఆఫీసులో ఆవలింతలు తప్పవు.

కాబట్టి ఈ చలికాలం రెండు మూడు సాయంత్రాలు వెళ్ళి చూడండి. మార్చిలో డెట్రాయిట్ పక్కనున్న వారెన్‌లో మిడ్‌వెస్ట్ ఫ్లై ఫిషింగ్ ఎక్స్‌పో జరుగుతుంది. ఎందరో వైస్‌లు పెట్టుకుని ఫ్లైలు కడుతుంటారు, అడిగితే ఆపి చూపిస్తారు. అప్పటికీ ఆసక్తి ఉంటే మీ బల్ల దగ్గరివాళ్ళలో ఒకరిని వెంటబెట్టుకుని, రాడ్ అక్కడ విసిరి చూసి కొనండి.