డాక్టర్ సలహా: కీమో నడుస్తుండగా టీకాలు వేయించవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. ఎడమ రొమ్ముకు క్యాన్సర్ ఆపరేషన్ చేసి, చంకలోని గ్రంథులు కూడా తీశారు. ఇప్పుడు 21 రోజులకు ఒకసారి కీమో ఎక్కిస్తున్నారు. మూడో విడత ఈ నెల 4న అయింది. వానలు మొదలయ్యాయి కదా, ఫ్లూ టీకా వేయించమని ఒకరు చెబుతుంటే, కీమోలో ఏ సూదీ వద్దని మరొకరు భయపెడుతున్నారు. మా బాబుకు 16 నెలలు. వాడికి టీకాలు వేయిస్తే అమ్మకు ప్రమాదమేమోనని వాయిదా వేశాను. 18న మా తమ్ముడి గృహప్రవేశం. అమ్మను తీసుకెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: టీకాల గురించి ఇంత వివరంగా అడిగారు గానీ, ఇంట్లో థర్మామీటరు ఉందో లేదో రాయలేదు. లేకపోతే ముందు మందుల షాపుకు ఎవరినైనా పంపి, తర్వాత మిగతాది చదవండి. టీకా వారం ఆలస్యమైతే ఏమీ కాదు. కీమోలో ఉన్న మనిషికి జ్వరం వచ్చిన సంగతి ఆరు గంటలు ఆలస్యంగా తెలిస్తే మాత్రం ప్రాణం మీదికి రావచ్చు.

కీమో మందు వేగంగా పెరిగే కణాలను దెబ్బతీస్తుంది. క్యాన్సర్ కణాలతో పాటు ఎముక మజ్జలో తయారయ్యే తెల్లకణాలకూ ఆ దెబ్బ తగులుతుంది. వాటిలో న్యూట్రోఫిల్స్ అనేవి బాక్టీరియాతో మొదట తలపడే కణాలు. మామూలుగా ఇవి మైక్రోలీటరు రక్తంలో 1500కు పైనే ఉంటాయి. 21 రోజుల విడతల్లో సాధారణంగా 7వ రోజు నుంచి 14వ రోజు మధ్య ఇవి అట్టడుగుకు చేరతాయి. ఒక్కోసారి 500 కంటే కిందికీ పడిపోతాయి. మూడో వారంలో మళ్లీ పుంజుకుంటాయి. ‘కౌంట్లు పడిపోయాయి’ అని ఆసుపత్రిలో అనేది ఈ కణాలు ఇలా తగ్గడాన్నే.

చీము అంటే చాలావరకు బాక్టీరియాతో పోరాడి చచ్చిన తెల్లకణాలే. ఆ కణాలే లేనప్పుడు చీము పట్టదు, వాపు రాదు, ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. బయటికి కనిపించేది జ్వరం ఒక్కటే. ఆ ఒక్క గుర్తునూ మనవాళ్లు పారాసెటమాల్‌తో చెరిపేస్తారు. నా దగ్గర వైద్యం పొందుతున్న ఒక రైతుకు కీమో అయిన పదో రోజు రాత్రి చలితో జ్వరం వచ్చింది. ఇంట్లో వాళ్లు మాత్ర వేశారు. చెమటలు పట్టి ఒళ్లు చల్లబడింది. తగ్గిందనుకుని అందరూ పడుకున్నారు. తెల్లవారి ఆయన్ను నా దగ్గరికి తెచ్చేసరికి చేతులు మంచులా ఉన్నాయి, బీపీ అందడం లేదు. ఐసీయూలో తొమ్మిది రోజులు ఉండి బయటపడ్డారు. రాత్రే వచ్చి ఉంటే రెండు మూడు రోజుల యాంటీబయాటిక్ సూదులతో పోయేదేమో.

కాబట్టి లెక్క గుర్తుపెట్టుకోండి. ఒక్కసారి 101 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించినా, 100.4 దగ్గర గంటసేపు నిలబడినా, మాత్ర వేయకుండా అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. గుమ్మంలోనే ‘కీమో నడుస్తోంది, జ్వరం వచ్చింది’ అని చెప్పండి. వచ్చిన గంటలోపు యాంటీబయాటిక్ పడాలన్నది మా నియమం. జ్వరం లేకుండా వణుకు వచ్చినా, మనిషి మత్తుగా ఉన్నా, కీమో పోర్టు (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే పరికరం) ఉంటే దాని చుట్టూ ఎర్రబడినా ఇదే దారి.

ఇక టీకాల సంగతి. ఇందులో రెండు రకాలున్నాయి. చంపిన క్రిమితోగానీ దాని ముక్కతోగానీ చేసినవి ఒక రకం. బలహీనపరిచిన, కానీ ప్రాణమున్న క్రిమితో చేసినవి రెండో రకం. కీమోలో వద్దన్నది ఈ రెండో రకాన్నే. తట్టు, గవదబిళ్లలు, ఆటలమ్మ, ఎల్లో ఫీవర్, బీసీజీ, ముక్కులో కొట్టే ఫ్లూ టీకా ఈ కోవలోకి వస్తాయి. కీమో ముగిశాక కనీసం 3 నెలలు, రిటుక్సిమాబ్ (కొన్ని రక్త క్యాన్సర్లకు వాడే మందు) లాంటిది వాడిన వారైతే కనీసం 6 నెలలు ఆగాకే వీటి గురించి ఆలోచించాలి.

చేతికి వేసే ఫ్లూ టీకాలో ప్రాణమున్న వైరస్ ఉండదు. దానివల్ల ఫ్లూ రాదు. మీ అమ్మగారికి వేయించండి. కీమో మొదలయ్యే ముందు రెండు వారాల వ్యవధి ఉండగా వేయించి ఉంటే బాగా పనిచేసేది. ఇప్పుడు కౌంట్లు కోలుకునే మూడో వారం నయం. మీ ఆంకాలజిస్టును (క్యాన్సర్ డాక్టరును) అడిగి, తర్వాతి విడతకు ముందు చేసే రక్తపరీక్ష చూసుకుని వేయించండి. ప్లేట్‌లెట్లు 50 వేల కంటే తక్కువుంటే సన్న సూది వాడి, వేసిన చోట రెండు నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. మరో సంగతి, సూది కుడి చేతికే వేయించండి. ఎడమ చంకలో గ్రంథులు తీశారు కదా, ఆ చేతికి వాపు వచ్చే అవకాశం ఉంది. పైగా టీకా వేసిన వైపు చంకలో గ్రంథులు కొన్నాళ్లు ఉబ్బుతాయి. స్కానింగులో అది చూసి మేమూ మీరూ కంగారుపడే పని లేకుండా ఉంటుంది.

న్యుమోనియా టీకా కూడా ప్రాణం లేనిదే. ఏ రకం వేస్తారన్నదాన్ని బట్టి ఒక డోసా రెండా అన్నది ఉంటుంది. కీమో మధ్యలో వేస్తే స్పందన తక్కువ కావచ్చు కాబట్టి ఇప్పుడా, ముగిశాకా అన్నది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి. హెపటైటిస్ బి పరీక్ష చేశారో లేదో పాత కాగితాల్లో చూడండి. ఒంట్లో నిద్రాణంగా ఉన్న ఆ వైరస్ కీమోలో తిరగబెట్టగలదు. ఇక కుక్క కరిస్తే మాత్రం కీమో ఉందని ఒక్క రోజు కూడా ఆగవద్దు. రేబిస్ టీకాతో పాటు, చిన్న గీరుడైనా సరే, ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను ఎదిరించే రెడీమేడ్ యాంటీబాడీల మందు) కూడా అడిగి వేయించాలి.

కీమోలో ఉన్నవారి శరీరం టీకాకు అరకొరగా స్పందించవచ్చు. అందుకే ఇంట్లో మిగతా అందరూ ఫ్లూ టీకా వేయించుకోవడం అవసరం. మీరు, మీ వారు, వంటమనిషి, అందరూ. బాబు టీకాలు వాయిదా వేయడం మాత్రం పొరపాటు. వాడికి తట్టు వస్తే మీ అమ్మగారికి దానికంటే ప్రమాదం లేదు. 16 నెలలు నిండాయి కాబట్టి తట్టు-రుబెల్లా రెండో డోసు, డీపీటీ బూస్టరు నిశ్చింతగా వేయించండి. వాటి వల్ల అమ్మమ్మకు ఏమీ సోకదు. జాగ్రత్తపడాల్సింది పోలియో చుక్కలతోనే. చుక్కల్లోని బలహీనమైన వైరస్ కొన్ని వారాలపాటు పిల్లల మలంలో వస్తుంది. ఇంట్లో కీమో రోగి ఉన్నారని ఏఎన్ఎంకో, పిల్లల డాక్టరుకో చెప్పి, పోలియో సూదిమందుతో సరిపెట్టవచ్చా అని అడగండి. చుక్కలు వేసేసి ఉంటే ఆరు వారాలు బాబును కడగడం, డైపర్ మార్చడం అమ్మమ్మ చేయకూడదు. ఎత్తుకోవడం, ముద్దు చేయడం గురించి అడుగుతారేమో. ఈ కొన్ని వారాలు ముద్దులు తగ్గించి, ఎత్తుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. జలుబు చేసిన రోజున మాత్రం దూరం.

తిండి గురించి అడగలేదు గానీ చెప్పేస్తాను. కాచిన పాలతో ఇంట్లో తోడుపెట్టిన తాజా పెరుగు పెట్టవచ్చు. చద్దన్నం, నిన్నటి పచ్చడి, బండి మీది పానీపూరీ, ఐసు వేసిన చెరకు రసం వద్దు. రోగనిరోధక శక్తి కోసమని తిప్పతీగ కషాయం అసలే వద్దు. దానివల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి.

చివరికి గృహప్రవేశం. 4వ తేదీని మొదటి రోజుగా లెక్కిస్తే 18 పదిహేనో రోజు. కౌంట్లు అప్పుడప్పుడే లేస్తుంటాయి. 16న సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించండి. న్యూట్రోఫిల్స్ 1500 దాటి, జ్వరం లేకపోతే, మీ డాక్టరుకు ఓ మాట చెప్పి తీసుకెళ్లండి. దాటకపోతే వీడియో కాల్‌లో చూపించండి, కోపం వచ్చినా సరే. కొత్త ఇంట్లో సిమెంటు దుమ్ము, గోడల చెమ్మ ఉంటాయి. ఆ దుమ్ములో, చెమ్మలో ఉండే బూజు ఊపిరితిత్తుల్లోకి పోతే కష్టం. అందుకని మాస్కు తప్పనిసరి. తెల్లవారుజామున పాలు పొంగించే వేళకు జనం ఎక్కువ ఉండరు. అప్పుడు తీసుకెళ్లి కిటికీ పక్కన కూర్చోబెట్టండి. హోమం మొదలు కాకముందే ఇంటికి తీసుకొచ్చి, వేడివేడి అన్నం ఇంట్లోనే పెట్టండి.