వెలుతురును పట్టే ప్రొటీన్ పొరతో చూపు తిరిగి వస్తుందా?

ప్రశ్న: మా తమ్ముడికి 29 ఏళ్లు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు అన్నారు. రేచీకటితో మొదలై ఇప్పుడు పక్కన ఉన్నవి కూడా కనబడటం లేదు. వెలుతురుకు స్పందించే ప్రొటీన్‌ని జెల్ పొరలో అమర్చి కంట్లో పెడితే చూపు వస్తుందని చదివాం. ఎక్కడ చేస్తారు? ఈలోపు విటమిన్ ఏ మాత్రలు ఎక్కువగా వేసుకోవచ్చా?

డాక్టర్ సలహా: మీరు చదివింది అబద్ధం కాదండీ, కానీ అది ఇంకా పరిశోధనలోనే ఉంది. డబ్బు కడితే పెట్టేస్తామని ఎవరైనా అంటే అస్సలు నమ్మకండి.

ఆ ప్రొటీన్ పేరు బ్యాక్టీరియోరొడాప్సిన్. బాగా ఉప్పగా ఉండే నీళ్లలో బతికే ఒక సూక్ష్మజీవిలో దీన్ని 1971లో గుర్తించారు. వెలుతురు పడగానే ఇది ప్రోటాన్లను (పాజిటివ్ చార్జ్ ఉన్న అతి చిన్న కణాలను) పొరకి ఒకవైపు నుంచి రెండో వైపుకి తోస్తుంది, దాంతో చిన్న విద్యుత్ తేడా ఏర్పడుతుంది. ఇక్కడే అసలు కష్టం ఉంది: జెల్‌లో ప్రొటీన్లు సగం ఇటు, సగం అటు తిరిగి ఉంటే ఒకదాని పని ఇంకొకటి చెరిపేస్తుంది, అందుకే అన్నీ ఒకే దిశలో నిలబడేలా పొర మీద పొర పేర్చాలి, ఒక్క పొర ఇచ్చే సిగ్నల్ ఎటూ చాలదు. మీ తమ్ముడి జబ్బులో వెలుతురును పట్టే కణాలు పోతాయి కానీ వాటి వెనకున్న నరాల కణాలు చాలావరకు ఇంకొంత కాలం బతికే ఉంటాయి, ఈ పొర తట్టి లేపాల్సింది వాటినే. కంటి నరమే దెబ్బతింటే, గ్లకోమాలో లాగా, ఇది పనికిరాదు. నాకైతే ఈ దారి మీద నిజంగా ఆశ ఉంది, అయితే వచ్చినా మామూలు చూపు రాదు, వస్తువుల ఆకారాలు తెలిసేంత వస్తే అదే గొప్ప.

విటమిన్ ఏ మాత్రలు మాత్రం సొంతంగా మొదలుపెట్టకండి. ఎక్కువ డోసు లివర్‌ని దెబ్బతీస్తుంది, కొన్ని జన్యులోపాల్లో రెటీనాకే (కంటి లోపల వెలుతురును పట్టే పొరకే) హాని చేసే ప్రమాదం ఉంది.

ఈ జబ్బుతో పాటు శుక్లం, మాక్యులాలో (రెటీనా మధ్య భాగంలో) వాపు రావచ్చు, ఆ రెండింటికీ ఇప్పుడే చికిత్స ఉంది కాబట్టి రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్ వాయిదా వేయకండి. జన్యు పరీక్ష కూడా తప్పకుండా చేయించండి. ఆర్‌పీఈ65 అనే జన్యువు రెండు కాపీల్లోనూ లోపం ఉండి, రెటీనాలో బతికున్న కణాలు తగినన్ని మిగిలి ఉంటే జీన్ థెరపీ (సరైన జన్యువును కంట్లోకి పంపే చికిత్స) ఉంది, అమెరికాలో 2017లోనే అనుమతి వచ్చింది. రిపోర్ట్ వచ్చాక మళ్లీ రాయండి.