కలివి పొదల్లోకి పోతున్న మా పాపకు

పాపా,

కడప జిల్లా లంకమల కొండల అంచున పొదల భూములు కాపాడే పనిని నువ్వే ముందుండి నడిపించబోతున్నావని మీ నాయన ఫోన్లో చెప్పినాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ఇంటి పిల్ల కలివి కోడి అనే అరుదైన పిట్ట కోసం పోతాందని సంతోషం. రక్తపింజరలు తిరిగే నేల మీద చీకట్లో నడుస్తాదే అని భయం.

అడంగళ్లు, సర్వే పటాలు ముందే తీసి పెట్టుకో. బూట్లు లేకుండా అడుగేయొద్దు. ఒంటరిగా మాత్రం పోవద్దు. మీ అబ్బ మాట ఇదొక్కటైనా విను.

జాడ కోసం దారిలో మెత్తటి మన్ను పరిచి, సాయంత్రం చదును చేసి, తెల్లారి చూస్తారు. కలివి కోడి అడుగులో మూడు వేళ్లే పడతాయి, వెనక వేలు ఉండదు. తీతువల్లో ఒక రకానికీ అంతే. కనబడగానే అదేనని ఎగరొద్దు.

నేను తొందరపడి చేసిన తప్పొకటుంది. మీ జేజికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

అడవి వాచరుగా చేరిన తొలి ఎండాకాలం అది. ఒక ముసలాయన దోటితో రేగు కొమ్మలు దించి మేకలకు వేస్తాండాడు. నాకు కొత్త ఉద్యోగం, కొత్త కాకీ చొక్కా. పట్టుకున్నా. దోటికి కట్టిన కొడవలి ఊడదీసుకున్నా. దాని పిడికి మేకతోలు చుట్టి ఉండె, చెమటకు నల్లబడి నున్నగా ఉండె. మేకలను రెండు దినాలు బందెలదొడ్డిలో పెట్టించినా. జరిమానా కట్టినాడు. కొడవలి మాత్రం నేను తిరిగి ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు. "అయ్యా, అది మా నాయనది" అన్న్యాడు. నేను మొగం తిప్పుకున్నా.

తర్వాత 1986 వచ్చింది. 1848లో పిట్టల శాస్త్రం ఎరిగిన జెర్డాన్ దొర కనిపెట్టిన పిట్ట, 1900 తర్వాత కనబడక అంతరించిందనుకున్న పిట్ట, మన లంకమల పొదల్లో దొరికింది. అందరూ దాని జాడ అడిగేవాళ్లే. నేనూ ఆ ముసలాయన ఇంటికి పోయినా. మంచం వాల్చి, నీళ్లిచ్చి, "ఏమో సామీ, మాకేం తెలుసు" అన్న్యాడు.

ఆయన కాలం చేసినాక వాళ్ల కోడలు చెప్పింది. పొద్దుగుంకి చీకటి పడుతున్నప్పుడు ఆ పిట్ట కాసేపే పలుకుతుందంట. ఆ అరుపు వినబడగానే ఆయన మేకలను దొడ్డికి మళ్లించేవాడంట. ఏ వంక పక్కన, ఏ పొద కింద, అంతా ఎరిగినవాడు. "నీకు మాత్రం చెప్పొద్దన్న్యాడు మా మామ" అంది. ఆ యమ్మ కోపంగా కూడా అనలేదు.

కాగితాలు పనికిరావని కాదు తల్లీ. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పిట్ట తిరిగే చోటికే వచ్చింది. పరిశోధకులు పట్టుబట్టబట్టే దాని దారి మళ్లింది. కానీ ఆ పిట్టకు పొద కావాల, పొదకూ పొదకూ నడుమ పరిగెత్తే బయలూ కావాల. మేకలు ఎక్కువైతే నేల బోడవుతుంది, అసలే లేకుంటే పొదలు కమ్ముకుపోతాయి. ఎన్ని మేకలు, ఏ నెలలో, ఏ పక్క అనేది కాపరులను అడగాల. నువ్వు చదువుకున్న పిల్లవు, వాళ్ల ముందర కుర్చీలో కూచోవద్దు. నేల మీద కూచో. పొదలు పీకి నిమ్మ మొక్కలు పెట్టే రైతు మీద కూడా అరవొద్దు. వాని అప్పు ఎంతుందో ముందు కనుక్కో.

తిడతాండానని అనుకోవద్దు. నీకు శత్రువులు పుడతారేమోనని నాకు పాము కంటే ఎక్కువ భయం.

కొడవలి అటక మీదే ఉంది, తుప్పు పట్టింది. నువ్వు వచ్చినాక దించుదాం. ఆ యమ్మ ఇల్లు నాకు తెలుసు, బస్సు దిగి రెండు మైళ్లు. నా మోకాళ్లకు ఒక్కణ్ణే అంత దూరం పోలేను.

మీ అబ్బ