అణు వ్యర్థాల కాంక్రీటు: సివిల్ విద్యార్థికి దారి ఉందా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సివిల్ మూడో సంవత్సరం. అణు వ్యర్థాలను కాంక్రీటులో బిగించే పనిలోకి వెళ్తానంటున్నాడు. ఉద్యోగాలు ఉంటాయా? ప్రమాదం కాదా? – ఓ తండ్రి, గుంటూరు

జవాబు: ఉంటాయండి, కాకపోతే తక్కువ. పైగా అది సివిల్ కంటే కెమిస్ట్రీ పని అని ముందే తెలుసుకోనివ్వండి.

బాగా తీవ్రమైన వ్యర్థ ద్రవాన్ని మన దేశంలో సిమెంటులో కలపరు. తారాపూర్, ట్రాంబే, కల్పాక్కంలలో గాజుగా మారుస్తారు. సిమెంటు వంతుకు వచ్చేవి తక్కువ, మధ్యస్థాయి వ్యర్థాలు: నీటిని ఆవిరి చేశాక మిగిలిన చిక్కటి ద్రవం, బురద, వాడేసిన రెజిన్ (నీటిని శుద్ధి చేసే పూసలు). వీటిని ఎక్కువగా 200 లీటర్ల డ్రమ్ముల్లో గట్టిపరుస్తారు.

బలం ఇక్కడ పెద్ద విషయం కాదు. అమెరికా అణు నియంత్రణ కమిషన్ ఇలాంటి దిమ్మకు సూచించే సగటు బలం 500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), అంటే 3.5 మెగాపాస్కల్ లోపే. మీవాడు లెక్కలు కట్టే ఎం20 రకం కాంక్రీటుకు 20 కావాలి! తంటా అంతా వేరేచోట ఉంది. ద్రవంలో బోరాన్ ఉంటే సిమెంటు గట్టిపడక మొరాయిస్తుంది, సున్నం కలిపి దారికి తేవాలి. రెజిన్ పూసలు నీరు పీల్చి ఉబ్బితే దిమ్మ పగులుతుంది, అందుకే వాటి మోతాదు తగ్గిస్తారు. అల్యూమినియం ముక్కలు పడితే సిమెంటులోని క్షారానికి హైడ్రోజన్ వాయువు పుడుతుంది. అన్నిటికన్నా మొండిది వ్యర్థాల్లోని సీసియం అనే రేడియోధార్మిక మూలకం. ఒట్టి సిమెంటు దాన్ని పట్టి ఉంచలేదు, నీరు తగిలితే బయటికి జారుతుంది. సీసియాన్ని పట్టి ఉంచే బెంటొనైట్ అనే బంకమట్టి, జియోలైట్ అనే ఖనిజం కలిపేది అందుకే. సీసియం-137 అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, 30 ఏళ్లు. 300 ఏళ్లకు గానీ వెయ్యో వంతుకు దిగదు.

ఫైనలియర్ ప్రాజెక్టుగా ఈ సీసియం జారడం మీదే పరీక్ష చేయించండి. రేడియోధార్మికత లేని మామూలు సీసియం లవణం కలిపి, జియోలైట్‌తో కొన్ని, లేకుండా కొన్ని చిన్న సిలిండర్లు పోయాలి. 28 రోజులు క్యూరింగ్ అయ్యాక డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచి 2, 7, 24 గంటలకు, ఆపై ఐదో రోజు దాకా రోజూ నీరు మార్చి, ఆ నీటిలో సీసియం ఎంతుందో కొలిపించాలి. ఇంటర్వ్యూలో మార్కుల కంటే ఇదే ఎక్కువసేపు మాట్లాడిస్తుంది.

ఉద్యోగంలోకి ప్రవేశం ప్రధానంగా బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూల్ ద్వారా. ఏడాది శిక్షణకు బీటెక్‌లో 60 శాతం ఉండాలి, గేట్ స్కోరు పనికొస్తుంది. సివిల్ సీట్లు తక్కువ కాబట్టి ఏటా నోటిఫికేషన్ చూసుకోవాలి. న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్‌కూ అదే గేట్‌తో దరఖాస్తు పెట్టించండి. ఈ ఒక్క పని మీదే ఆశ పెట్టుకుని కూర్చోవద్దు.

ప్రమాదం సంగతికొస్తే, కలపడం మందపాటి గోడల వెనక, దూరం నుంచి యంత్రాలతో జరుగుతుంది. ఉద్యోగికి తగిలే రేడియేషన్ ఐదేళ్లలో 100 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ మోతాదు కొలత), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదన్నది మన అణుశక్తి నియంత్రణ బోర్డు పరిమితి. ఒంటి మీద పెట్టుకునే డోసిమీటర్ అనే కొలత పరికరం దాన్ని లెక్కకడుతూనే ఉంటుంది.