లెస్ డాసన్‌కు పియానో నిజంగా వచ్చా? మా మామ చెప్పిన జవాబు

లెస్ డాసన్ అనే ఇంగ్లండ్ కమెడియన్ పియానో మీద తెలిసిన పాటలన్నీ పాడు చేసేవాడు కదా, ఆయనకు వాయించడం రాకనా, కావాలనే అలా చేసేవాడా, ఆయన్ని ఇష్టంగా చూసినవాళ్ళు చెప్పండి అని ఒకరు అడిగారు.

వచ్చు. బాగా వచ్చు. రానివాళ్ళు వాయిస్తే అది గోల అవుతుంది, హాస్యం కాదు. ఈ మాట నేను గట్టిగా చెప్పడానికి కారణం మా మేనమామ. ఆయనకు ఇంగ్లీషు రాదు, డాసన్ ఎవరో తెలియదు, పియానోని ఎప్పుడూ ముట్టుకోలేదు. అయినా డాసన్ చేస్తున్న పనేమిటో నాకు విడమరిచి చెప్పింది ఆయనే.

ముందు డాసన్ గురించి కొంచెం. 1931లో మాంచెస్టర్‌లోని కాలీహర్స్ట్ అనే పేదల పేటలో పుట్టాడు. ఇల్లిల్లూ తిరిగి వ్యాక్యూమ్ క్లీనర్లు అమ్మాడు, రాత్రిళ్ళు క్లబ్బుల్లో పియానో వాయించాడు, జోకులు చెప్పాడు. 1967లో టీవీలో కొత్తవాళ్ళకు అవకాశమిచ్చే ఒక పోటీ కార్యక్రమంలో కనిపించాకే జనానికి తెలిశాడు. తర్వాత టీవీలో ఆయన సొంత కార్యక్రమం ఏళ్ళ తరబడి నడిచింది. 1984 నుంచి 1990 దాకా ఒక గేమ్ షో కూడా నడిపాడు. 1993 జూన్‌లో పోయాడు. బొద్దుగా, దిగులు మొహంతో, ప్రపంచంలో కష్టాలన్నీ తనకే వచ్చినట్టు నిలబడతాడు. కుర్రతనంలో బాక్సింగ్‌లో దవడ విరిగిందట, అందుకే కింది పెదవిని ముక్కు దాకా తీసుకెళ్ళగలిగేవాడు. పియానో దగ్గర మాత్రం ఆ వేషాలేమీ ఉండవు. అతి మర్యాదగా కూర్చుంటాడు, పాట మొదలుపెడతాడు, కాసేపు చక్కగా నడుస్తుంది, ఉన్నట్టుండి ఒక స్వరం పక్కకు పడుతుంది. ఆయన మాత్రం ఏమీ జరగనట్టు జనం వైపు తిరిగి తృప్తిగా ఒక చిరునవ్వు నవ్వుతాడు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ నవ్వే.

మా మామ హార్మోనిస్టు. అనంతపురం చుట్టుపక్కల, పేరున్న నాటక నటుడు బళ్ళారి రాఘవ పుట్టిన తాడిపత్రి వైపు, ధర్మవరం, కళ్యాణదుర్గం వైపు ఎక్కడ పద్యనాటకం ఆడినా ఆయన్ని పిలిచేవాళ్ళు. కాళ్ళతో తిత్తి తొక్కే పెద్ద హార్మోనియం, రెండు చేతులూ మెట్ల మీద. నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు అనంతపురంలోనే పిల్లలకు కీబోర్డు నేర్పుతున్నాను.

మాంచెస్టర్‌లో ఉద్యోగం చేసే మా అన్న కొడుకు ఒకరోజు వాట్సాప్‌లో డాసన్ వీడియో పంపాడు. నేను పడీ పడీ నవ్వి, మామకు చూపించాను. ఆయన నవ్వలేదు. చివరిదాకా ఓపికగా చూసి, ఫోన్ నా చేతికిచ్చి, "ఏముందిరా ఇందులో, ఏదో ఇంగ్లీషు పాట వాయిస్తా ఉండాడు" అన్నారు.

నాకు విషయం అర్థమైంది. ఆ పాట అసలు వరస ఆయనకు తెలియదు. వాళ్ళ దేశంలో చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చే పాట అది, మా మామకు మాత్రం కొత్త. తప్పు ఎక్కడ పడిందో తెలియాలంటే ఒప్పు ముందే చెవిలో ఉండాలి కదా. కీబోర్డు తెచ్చి ఆ పాటను ఉన్నది ఉన్నట్టు వాయించి వినిపించాను. ఆయన ఒకసారి విన్నారు, ఇంకోసారి వాయించమన్నారు, మూడోసారి నాతో పాటు కూనిరాగం తీశారు. అప్పుడు మళ్ళీ డాసన్ వీడియో పెట్టాను.

మొదటి తప్పు స్వరం పడగానే మామ ఉలిక్కిపడ్డారు. రెండోదానికి పెదవులు బిగబట్టారు. మూడోదానికి ఇక ఆపుకోలేక, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. ఆగాక ఒక మాటన్నారు: "ఈయప్పకు చెయ్యి శానా తిరిగిందిరా. తాళం చూడు, ఎక్కడన్నా జారిందా?"

నేను మళ్ళీ విన్నాను. నిజమే, తాళం జారలేదు. ఎడమచెయ్యి గడియారంలా నడుస్తూనే ఉంది. చెడిపోయేది కుడిచేతి వరస మాత్రమే, అదీ ఇష్టమొచ్చినట్టు కాదు. రాని పిల్లవాడు వాయిస్తే ముందు తడబడతాడు, ఆగుతాడు, వెతుక్కుంటాడు, తాళం పోతుంది. డాసన్ ఆగడు, వెతుక్కోడు. పాట ఎక్కడికైతే చేరుకోవాలో, మన చెవి దేనికోసమైతే ఎదురుచూస్తోందో, సరిగ్గా అక్కడ పక్క మెట్టు మీద వేలు వేస్తాడు. ఎక్కడో దూరంగా వేస్తే అది వేరే పాట అవుతుంది. పక్కనే వేస్తేనే గుచ్చుకుంటుంది. పైగా తప్పులన్నీ మొదట్లోనే కుమ్మరించడు. కాసేపు బాగా వాయించి, మనల్ని నమ్మించి, అప్పుడు వేస్తాడు.

మామ ఇంత త్వరగా పట్టుకోవడానికి కారణం ఉంది, అది చెప్పకపోతే ఈ కథ సగమే. పద్యనాటకంలో హార్మోనిస్టు పని ఒక విధంగా తప్పులు దాచడమే. కృష్ణ వేషం కట్టిన నటుడు తెల్లవారుజామున పద్యం ఎత్తుకుంటాడు, అప్పటికి గొంతు బొంగురుపోయి ఉంటుంది. పై షడ్జం, అంటే పై "స", అందదు. అందకముందే హార్మోనియం వెళ్ళి ఆ షడ్జం మీద నిలబడుతుంది, నటుడు నోరు తెరిచి ఉంచితే చాలు, జనానికి పద్యం అందినట్టే వినిపిస్తుంది. ఊపిరి చాలక రాగం మధ్యలో తెగితే ఆ తెగినచోట హార్మోనియం అందుకుని నడిపిస్తుంది. శ్రుతి దిగిపోయే నటుణ్ణి మెల్లగా దారిలోకి తెస్తుంది. "వన్స్ మోర్" మాత్రం నటుడికే, అది వేరే సంగతి. ఇన్నేళ్ళూ రాత్రంతా ఎవరు ఎక్కడ జారబోతున్నారో అర క్షణం ముందే కనిపెట్టి సర్దిన మనిషి మా మామ. తప్పు ఎక్కడ పడితే జనం చెవికి తగులుతుందో ఆయనకు అణువణువూ తెలుసు. ఆయన దాచినదాన్ని డాసన్ బయటపెట్టాడు, ఇద్దరికీ కావలసిన తెలివి ఒక్కటే.

ఆ సాయంత్రం నా దగ్గర నేర్చుకునే పిల్లలు వచ్చారు. మామ నన్ను లేపి తానే కూర్చున్నారు. కర్ణాటక సంగీతం మొదలుపెట్టిన ప్రతి పిల్లా పిల్లవాడికీ మొదట వచ్చేది పురందరదాసు గీతం, "శ్రీ గణనాథ". మలహరి రాగం. మ ప, ద స స రి అని ఎత్తుగడ. మామ గంభీరంగా కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. ద స స దాకా వచ్చారు. ఒకటి శ్రుతిలో, అంటే C మెట్టును "స"గా పెట్టుకుంటే, అక్కడ పడాల్సింది నల్లమెట్టు, శుద్ధ రిషభం అనే "రి". ఆయన వేలు పక్కనున్న తెల్లమెట్టు మీద దిగింది. అంతే, అర స్వరం తేడా. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు, పెద్దాయన్ని ఏమనాలో తెలియక. మామ ఏమీ ఎరగనట్టు ముందుకు సాగి, తిరిగి అదే చోటికి వచ్చి, ఈసారి మరింత నమ్మకంగా అదే తెల్లమెట్టు నొక్కి, పిల్లల వైపు తిరిగి చిరునవ్వు నవ్వారు. డాసన్ నవ్వే! గది మొత్తం గొల్లుమంది. ఒక పాప అయితే లేచి వచ్చి, "తాతా, ఇది కాదు, ఇది" అని వేలు పట్టుకుని నల్లమెట్టు మీద పెట్టింది. మలహరిలో రిషభం ఏదో ఆ పిల్లలెవరూ ఆ తర్వాత మరిచిపోలేదు. నేను ఇప్పటికీ కొత్తవాళ్ళకు అలాగే నేర్పుతున్నాను.

మన దగ్గర కూడా ఈ కళ పాతదే అనిపిస్తుంది నాకు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలాట చూసినవాళ్ళకు కేతిగాడు, బంగారక్క అనే హాస్యపు బొమ్మలు తెలుసు. చిన్నప్పుడు నేను చూసిన ఆటలో కేతిగాడి పాట శ్రుతికి అడ్డంగా పోతుంటే తెర వెనక తాళాలు మాత్రం తూచినట్టు పడేవి.

డాసన్ ఒక్కడే కాదు. స్వరంతో పాటు తాళం కూడా చెడగొట్టి నవ్వించిన జంట ఒకటి అమెరికాలో ఉండేది, పాల్ వెస్టన్, జో స్టాఫర్డ్. భార్యాభర్తలు. ఆయన పేరున్న సంగీత దర్శకుడు, ఆమె శ్రుతి తప్పని గొంతుకు ప్రసిద్ధి పొందిన గాయని. పార్టీల్లో సరదాగా మొదలుపెట్టిన ఆటను జొనాథన్, డార్లీన్ ఎడ్వర్డ్స్ అనే మారుపేర్లతో 1957లో రికార్డుగా తెచ్చారు. ఆయన పియానో మీద ఉన్నట్టుండి ఒక దెబ్బ ఎక్కువ వేస్తాడు, లేదా ఒకటి మింగేస్తాడు. ఆమె కావాలనే స్వరానికి కాస్త పక్కగా పాడుతుంది. ఎప్పుడైనా ప్రయత్నించి చూడండి, శ్రుతిలో పాడటం కంటే అది కష్టం. 1961లో ఆ జంటకు కామెడీ విభాగంలో గ్రామీ అవార్డు వచ్చింది. అంత గొప్ప గాయనికి గ్రామీ పోటీలో గెలుపు తెచ్చింది ఈ తప్పుడు పాటే.

విక్టర్ బోర్గే పేరు కూడా ఈ వరసలో చెబుతుంటారు. నా లెక్కలో ఆయనది వేరే దారి. కోపెన్‌హాగెన్‌లో పుట్టిన యూదుడు, చిన్నప్పుడే కచేరీలు చేసిన పియానిస్టు, నాజీల వల్ల 1940లో అమెరికా చేరాడు. న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో 1953 నుంచి 1956 దాకా ఒంటిమనిషిగా 849 ప్రదర్శనలిచ్చాడు. ఆయన తప్పు వాయించడం తక్కువ, వాయించకుండా ఆపడం ఎక్కువ. స్వరాల కాగితం తలకిందులుగా పెట్టి మొదలుపెడతాడు, స్టూలు మీంచి పడి లేచి సీటు బెల్టు కట్టుకుంటాడు. చివరికి వాయించినప్పుడు మాత్రం మనసు కరిగిపోతుంది. ఆయనంటే గౌరవం ఉంది, కానీ నా మనసు డాసన్ దగ్గరే ఉంటుంది. బోర్గే పియానో చుట్టూ నవ్వించాడు, డాసన్ స్వరంతోనే నవ్వించాడు.

మీరు కొత్తగా చూడబోతుంటే, మా మామ విషయంలో జరిగినట్టే ముందు డాసన్ వాయించే పాట అసలు వరస వెతికి, నోటికి వచ్చేదాకా వినండి. అప్పుడు డాసన్‌ని పెట్టండి. రెండోసారి చూసేటప్పుడు మొహం వదిలేసి ఎడమచెయ్యి వినండి, హెడ్‌ఫోన్స్ ఉంటే మంచిది. వెస్టన్, స్టాఫర్డ్‌లను మాత్రం చేత్తో తాళం వేసుకుంటూ వినండి. మీ చెయ్యి ఎక్కడ గాల్లో ఆగిపోతుందో, వెస్టన్ ఆ అదనపు దెబ్బ అక్కడే దూర్చాడన్నమాట.