ఏఎల్‌ఎస్ ఉన్నవారికి ఇంట్లో టీడీసీఎస్ పెట్టొచ్చా?

మీ నాన్నగారికి ఏఎల్‌ఎస్ (కండరాలను కదిలించే నరాలు క్రమంగా దెబ్బతినే జబ్బు) అని, టీడీసీఎస్ (తల మీద ప్యాడ్లు పెట్టి మెదడుకు స్వల్పంగా కరెంటు ఇచ్చే) పరికరం తెప్పించి ఇంట్లోనే పెట్టొచ్చా, ప్యాడ్లు ఎక్కడ పెట్టాలి అని అడిగారు. దీనివల్ల జబ్బు నెమ్మదిస్తుందని ఇంతవరకూ రుజువు కాలేదండీ. దీన్ని నమ్ముకుని ఏఎల్‌ఎస్ మందు రిలుజోల్ గానీ, మాస్క్‌తో ఊపిరికి సాయం చేసే బైపాప్ యంత్రం గానీ మానొద్దు.

అన్నిటికన్నా జాగ్రత్త ప్లస్, మైనస్‌ల దగ్గర. పక్షవాతానికి చేసే వీడియోలు చూసి చాలామంది మోటార్ కార్టెక్స్ (కదలికలను నడిపే మెదడు భాగం) మీద ప్లస్ ప్యాడ్, అంటే ఆనోడ్, పెట్టేస్తారు. అది సాధారణంగా ఆ భాగాన్ని ఇంకా ఉత్తేజపరుస్తుంది. ఏఎల్‌ఎస్‌లో చాలామందికి ఆ భాగం ముందే అతిగా ఉత్తేజంలో ఉంటుంది. ఏది ఎక్కడ అన్నది న్యూరాలజిస్టు కాగితం మీద రాసివ్వాలి. మూర్ఛ, పేస్‌మేకర్, పుర్రెలో లోహం ఉంటే అసలు వద్దు.

న్యూరాలజిస్టు సరేనంటే, పరిశోధనల్లో ఎక్కువగా వాడేది 5×7 సెంటీమీటర్ల స్పాంజి, 1 నుంచి 2 మిల్లీఆంపియర్లు, 20 నిమిషాలు. స్పాంజిని 0.9 శాతం సెలైన్‌తో తడపండి. చేత్తో నొక్కితే చెమ్మ తగలాలి, బొట్టు కారకూడదు. నీరు కారితే కరెంటు తల మీదుగానే పక్కకు పోతుంది. ఆరిపోయినా, అంచు లేచినా కరెంటంతా ఒక్క చోట గుచ్చుకుని చర్మం కాలుతుంది. కుళాయి నీళ్లు వద్దు. తొమ్మిది వోల్టుల బ్యాటరీకి తీగలు చుట్టి చేసుకునేవి ముట్టుకోకండి. చర్మం తడిసి నిరోధం తగ్గేకొద్దీ కరెంటు పెరుగుతూ పోతుంది, ఆపే సర్క్యూట్ అందులో ఉండదు.

సీ3 స్థానానికి (ఎడమవైపు మోటార్ కార్టెక్స్ మీది చోటు): రెండు చెవుల ముందు గుంటల మధ్య దూరాన్ని నడినెత్తి మీదుగా టేపుతో కొలిచి, నడినెత్తి నుంచి ఎడమకు అందులో 20 శాతం. దూరం 36 సెంటీమీటర్లుంటే సుమారు 7. జుట్టు పాయలుగా విడదీసి స్పాంజి చర్మానికి ఆనేలా పెట్టండి. బైపాప్ పట్టీలు ప్యాడ్లను పట్టి ఉంచే తల బ్యాండును జరిపేస్తాయి, మాస్క్ సర్దిన ప్రతిసారీ మళ్లీ కొలవండి.

మెడ నిలవకపోతే దన్ను పెట్టండి. చేతులు లేవనివారు బ్యాండు తామే లాగేసుకోలేరు, మాట పోయినవారు మండుతోందని చెప్పలేరు. కాబట్టి మొదలుపెట్టకముందే రెండుసార్లు కళ్లు గట్టిగా మూస్తే ఆపాలని ఒప్పందం చేసుకోండి, ఆ 20 నిమిషాలూ పక్కనే కూర్చోండి. చిమచిమ మామూలే. మంట ఉంటే ఆపండి. ఆపేటప్పుడు కరెంటు మెల్లగా సున్నాకి దిగాకే ప్యాడ్ తీయాలి, లేదంటే కళ్లముందు మెరుపు, తలమీద షాకు తగులుతాయి.