ఇంకా 33 వారాలే: కడుపుతో ఉన్నప్పుడు డబ్బు లెక్క

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. పది రోజుల క్రితం టెస్ట్‌లో పాజిటివ్ వచ్చింది. ఇప్పుడు ఏడో వారం అని డాక్టర్ చెప్పారు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. ఇంటి లోను నడుస్తోంది కాబట్టి నెలాఖరుకు మిగిలేది తక్కువే. మా ఆయన అప్పుడే పిల్లల పాలసీ గురించి ఒక ఏజెంట్‌తో మాట్లాడారు. బొడ్డుతాడు రక్తం దాచిపెడతామంటూ ఒక కంపెనీ నుంచి ఫోన్ కూడా వచ్చింది. ఏ టెస్టులు తప్పనిసరో, ఏవి అక్కర్లేదో తెలియడం లేదు. ఆఫీసులో ఇప్పుడే చెప్పేయాలా? అసలు ఎంత దాచుకోవాలి? రాత్రిళ్లు ఇవే లెక్కలు, నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందుగా మీ ఇద్దరికీ శుభాకాంక్షలు. మీరు చాలా ప్రశ్నలే వేశారు గానీ అన్నిటి కిందా ఉన్నది ఒక్కటే: ఇప్పుడు డబ్బు ఎందులో పెట్టాలి? ఎందులోనూ పెట్టకండి. కనీసం 14వ వారం దాకా కొత్త పాలసీ, కొత్త ఈఎంఐ, కొత్త ప్యాకేజీ ఏదీ వద్దు. ఉన్న డబ్బు, రాబోయే డబ్బు చేయి చాపితే అందేలా ఉంచుకోండి.

వారాల లెక్కతో మొదలుపెడదాం, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు. డాక్టర్లు చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్క వేస్తారు. అక్కడి నుంచి 280 రోజులు, అంటే 40 వారాలు. మీకు విషయం తెలిసేసరికే అందులో కొన్ని వారాలు ఖర్చయిపోయాయి. కాబట్టి 'తొమ్మిది నెలలుంది కదా' అనుకోవడానికి లేదు. మీ చేతిలో ఉన్నవి 33 వారాలు. అది కూడా అంతా సవ్యంగా జరిగితే. సరిగ్గా డ్యూ డేట్ రోజునే పుట్టే పిల్లలు నూటికి నలుగురైదుగురే. ప్రపంచం మొత్తమ్మీద ప్రతి పదిమందిలో సుమారు ఒకరు 37 వారాలు నిండకుండానే వచ్చేస్తున్నారు. అందుకే డబ్బు సలహా కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లకు డబ్బు 34వ వారానికల్లా సిద్ధంగా ఉండాలని చెబుతాను. అలా చూస్తే మీకు మిగిలింది 27 వారాలు, దాదాపు ఆరు నెలలు.

ఈ 34 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి, సిగ్గుచేటైనా సరే. మా పాప కడుపులో ఉన్నప్పటికే నేను ఈ వృత్తిలోకి వచ్చి ఆరేళ్లయింది. కాన్పు ఖర్చుకని విడిగా ఒక డిపాజిట్ వేశాను, డ్యూ డేట్‌కు సరిగ్గా వారం ముందు చేతికొచ్చేలా. ఎంత పద్ధతిగా వేశానో అని మురిసిపోయాను కూడా. 34వ వారంలో ఒక ఆదివారం తెల్లవారుజామున మా ఆవిడకు ఉమ్మనీరు పోయింది. ఆస్పత్రి కౌంటర్ దగ్గర అడ్వాన్స్ కట్టమన్నారు. డబ్బు ఉంది, నా పేరు మీదే ఉంది, కానీ సోమవారం బ్యాంకు తెరిస్తే తప్ప ఆ డిపాజిట్ విరిచే దారి లేదు. మా బావమరిది పరుగెత్తుకుంటూ వచ్చి తన కార్డు గీకాడు. పాప పదకొండు రోజులు ఐసీయూలో ఉండి క్షేమంగా ఇంటికొచ్చింది. ఇప్పటికీ మా బావమరిది ఆ డిపాజిట్ మాట ఎత్తితే నేను వేరే సంగతిలోకి దూకుతాను.

కాబట్టి కాన్పు డబ్బు మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. ఇద్దరిలో ఎవరైనా అర్ధరాత్రి తీయగలగాలి. ఒక్కరి ఫోనుకే ఓటీపీ వచ్చే ఖాతా అయితే లాభం లేదు, ఆ ఫోను గలాయన ఊళ్లో ఉండకపోవచ్చు. వడ్డీ తక్కువ వస్తుందంటారా, రానివ్వండి. ఈ ఆరు నెలల్లో ఆ తేడా ఎంతో లెక్క వేసి చూస్తే మీకే నవ్వొస్తుంది.

ఇక ఎంత దాచాలి. మీరు అంకెలు రాయలేదు కాబట్టి మీ ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 100 పాళ్లు అనుకుందాం. ఆయనది 55, మీది 45. లోనుకు 30, ఇంటి ఖర్చులకు 60, మిగులు 10. జీతంతో కూడిన సెలవు ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేదు. ఆ తర్వాత ఇంకో మూడు నెలలు జీతం లేకుండా ఇంట్లో ఉంటారనుకోండి. వచ్చేది 55. లోనుకు 30, ఇంటికి కట్టుదిట్టంగా ఖర్చుపెడితే 50, బిడ్డకు 10, మొత్తం 90. నెలకు 35 లోటు. మూడు నెలలకు 105. మీ ఇద్దరి ఒక నెల జీతం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆస్పత్రి బిల్లు గురించి అందరూ భయపడతారు గానీ, చాలా ఇళ్లలో తెలియకుండా దెబ్బతీసేది ఈ జీతం లేని నెలలే. బిల్లు ఒక్కసారి వచ్చి పోతుంది. ఇది నెలనెలా వస్తుంది, అదీ మీకు నిద్ర లేని రోజుల్లో.

ఆ 105 ఆరు నెలల్లో కూడబెట్టాలంటే నెలకు 17.5 కావాలి. మిగులు 10 ఉంది. ఇంటి ఖర్చు 60 నుంచి 52కు దించితే మిగులు 18 అవుతుంది, ఆరు నెలలకు 108. సరిపోయింది. దీనికి ఆస్పత్రి ఖర్చులో మీ జేబులోంచి పోయే వాటా కలపాలి. ఎస్టిమేట్ అడిగేటప్పుడు మామూలు కాన్పుకెంత అని మాత్రమే అడిగి ఊరుకోకండి. సిజేరియన్ అయితే ఎంత, బిడ్డను ఐసీయూలో పెట్టాల్సి వస్తే రోజుకెంత అని కూడా అడగండి. సిజేరియన్ అంకెనే మీ లెక్కలో రాసుకోండి. మామూలు కాన్పయితే మిగిలిన డబ్బు మీదే. ఎక్కడా సరిపోకపోతే లోను ముందస్తుగా తీర్చేందుకు వేస్తున్న అదనపు డబ్బు, నెలనెలా ఫండ్లలో వేసేది ఈ ఏడాదికి ఆపేయండి. తప్పేం లేదు. ఈఎంఐ మాత్రం ఆపకండి.

వేవిళ్లు తగ్గాక ఒక పని చేసి చూడండి. ఒక నెల మీ జీతం వేరే ఖాతాలో వేసి, ఆయన జీతంతోనే ఇల్లు నడపండి. ఏ తేదీకి చేయి ఖాళీ అయిందో క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. పై లెక్క ప్రకారం ఇంచుమించు 15వ తేదీ కావాలి. తొమ్మిదికే అయిపోతే నేను వేసిన 52 మీ ఇంట్లో కుదిరేది కాదన్నమాట. అది ఇప్పుడే తెలియడం మంచిది.

టెస్టుల సంగతి. నేను డాక్టర్ని కాదు, కాబట్టి ఏవి చేయించుకోవాలో మీ డాక్టరే చెప్పాలి. డబ్బు ఎప్పుడెప్పుడు అవసరమవుతుందో మాత్రం నేను చెప్పగలను. తొలి విజిట్‌లోనే రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్, మూత్ర పరీక్ష లాంటివి ఒక్కసారే రాస్తారు, కాబట్టి ఆ నెల కాస్త బరువుగానే ఉంటుంది. 11 నుంచి 14 వారాల మధ్య ఒక స్కాన్, 18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ అవయవాలు చూసే స్కాన్, 24 నుంచి 28 వారాల మధ్య షుగర్ టెస్ట్. మీది నెగెటివ్ గ్రూపు అయితే 28వ వారం చుట్టుపక్కల యాంటీ-డీ ఇంజెక్షన్ అవసరం రావచ్చు, దానికీ కొంత పక్కన పెట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన సూచన ప్రకారం కాన్పులోపు కనీసం ఎనిమిదిసార్లు చూపించుకోవాలి, అందులో మొదటిది 12 వారాల లోపే. ఎనిమిది ఫీజులు, ఎనిమిదిసార్లు రానుపోను ఖర్చు, ఎనిమిది పూటల సెలవు. సెలవుల లెక్క ఎవరూ రాసుకోరు, మీరు రాసుకోండి.

వీటికి మించి ఏదైనా రాస్తే డాక్టర్ని మొహమాటం లేకుండా ఒక్క మాట అడగండి: 'దీని రిజల్ట్ ఎలా వచ్చినా మనం చేసేది ఏమైనా మారుతుందా?' మారుతుందంటే చేయించుకోండి. జన్యు లోపాల కోసం తల్లి రక్తంతో చేసే ఖరీదైన స్క్రీనింగ్ టెస్ట్ కొందరికి నిజంగానే అవసరం. అందులో తేడా కనిపించినా అదే చివరి మాట కాదు, నిర్ధారణకు మరో టెస్ట్ చేయాలి. ఆ రెండో ఖర్చు కూడా మనసులో ఉంచుకోండి. బిడ్డ ముఖం ఫొటోలా చూపించే స్కాన్ ముచ్చటకే అయితే, ముచ్చట ఖాతాలోనే రాయండి.

ఫోలిక్ యాసిడ్ దగ్గర మాత్రం లెక్కలు చూడొద్దు. సాధారణంగా రోజుకు 400 మైక్రోగ్రాములు, 12వ వారం దాకా. షుగర్ ఉన్నా, ఫిట్స్ మందులు వాడుతున్నా డాక్టర్ ఎక్కువ డోసు రాస్తారు. పెద్ద డబ్బాల్లో అమ్మే ఖరీదైన పొడుల కంటే ఈ చిన్న మాత్ర ముఖ్యం. రక్తం కనపడినా, కడుపులో ఒకవైపు విపరీతంగా నొప్పి వచ్చినా, భుజం కొసన నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, జ్వరం, నీళ్లు కూడా కడుపులో నిలవకపోవడం, ఇలాంటివి ఏవి కనిపించినా 'ఎల్లుండి అపాయింట్‌మెంట్ ఉంది కదా, అప్పటిదాకా చూద్దాం' అనుకోకండి. వెంటనే వెళ్లండి. నేను చేతికందేలా ఉంచమన్న డబ్బు అలాంటి రోజు కోసమే.

ఒక కష్టమైన మాట కూడా చెప్పాలి. టెస్ట్‌లో తేలిన గర్భాల్లో నూటికి 10 నుంచి 20 వరకు నిలవవు. అందులో ఎక్కువ భాగం మొదటి 12 వారాల్లోనే. చాలావరకు కారణం పిండంలోని క్రోమోజోముల తేడా. తల్లి ఏం తిన్నది, ఎంత నడిచింది అన్నదానితో దానికి సంబంధం ఉండదు. మిమ్మల్ని భయపెట్టడానికి కాదు ఇది రాయడం. ఆ బాధలో ఉన్నవాళ్లు తిరిగి రాని అడ్వాన్సుల కోసం కౌంటర్ల చుట్టూ తిరగడం నేను చూశాను. అందుకే కాన్పు ప్యాకేజీల మీద 14వ వారం దాకా సంతకం పెట్టొద్దంటున్నాను.

ఇన్సూరెన్స్‌లో ముందు మీ దగ్గరున్న పాలసీ కాగితం చదవండి, ఆఫీసు ఇచ్చింది కూడా. కాన్పుకు వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక క్లెయిమ్ కోసం ఆగాల్సిన కాలం ఉందా? సిజేరియన్‌కు ఎంత వరకు ఇస్తారు? గది అద్దెకు పరిమితి ఉందా? బిడ్డకు మొదటి రోజు నుంచే కవరేజీ ఉంటుందా, పేరు చేర్చడానికి ఎన్ని రోజుల గడువు? ఈ నాలుగింటికీ జవాబులు మెయిల్‌లో తెప్పించుకోండి, ఫోన్లో చెప్పిన మాట బిల్లు దగ్గర పనికిరాదు. ఇప్పుడు కొత్తగా తీసుకునే పాలసీలు సాధారణంగా ఈ కాన్పుకు అక్కరకు రావు. ఏజెంట్ వస్తాయంటే ఆ షరతు ఏ పేజీలో ఉందో చూపించమనండి.

పిల్లల పాలసీకి నేను వ్యతిరేకిని, దాచడం ఎందుకు. బిడ్డ ఆధారపడేది మీ ఇద్దరి జీతాల మీద కాబట్టి బీమా ఉండాల్సింది మీ ఇద్దరి మీద. టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా, లేకపోతే ఇద్దరూ తీసుకోండి. కొత్తవేవీ వద్దన్న నా మాటకు ఇదొక్కటే మినహాయింపు. నెలలు నిండే కొద్దీ కొన్ని కంపెనీలు 'కాన్పు అయ్యాక రండి' అంటాయి కాబట్టి మీ దరఖాస్తు త్వరగా వేయండి. కడుపుతో ఉన్న విషయం ఫారంలో నిజంగానే రాయండి, దాచితే క్లెయిమ్ రోజున అదే మెడకు చుట్టుకుంటుంది.

బొడ్డుతాడు రక్తం కంపెనీకి వద్దని చెప్పేయండి. కుటుంబంలో దానితో నయమయ్యే జబ్బు ఎవరికైనా ఉంటే అది వేరే సంగతి, డాక్టర్‌తో మాట్లాడండి. 'ఎందుకైనా మంచిది' అని ప్రైవేటుగా దాచుకోవడాన్ని అమెరికాలోని ప్రసూతి వైద్యుల, పిల్లల వైద్యుల సంఘాలే సిఫారసు చేయడం లేదు.

ఆఫీసులో చెప్పే ముందు రూల్స్ పుస్తకం చదవండి. ఎన్నాళ్లు పనిచేసి ఉంటే సెలవు వస్తుంది, ఎన్ని వారాల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, జీతం పూర్తిగానా, కొంతేనా. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన ఒప్పందం కనీసం 14 వారాల సెలవు, జీతంలో మూడింట రెండొంతులకు తగ్గకుండా డబ్బు ఉండాలంటుంది. అన్ని దేశాలూ దాన్ని ఆమోదించలేదు, కాబట్టి మీకు వర్తించే నిబంధనే చూసుకోండి. బరువులెత్తడం, రసాయనాలు, ఎక్స్‌రేలు, రాత్రి షిఫ్టులు ఉంటే రేపే చెప్పండి. లేకపోతే తొలి స్కాన్ దాకా ఆగినా నష్టం లేదు. వేవిళ్లు సాధారణంగా 9వ వారం చుట్టుపక్కల బాగా ముదిరి, 16 దాటేసరికి చాలామందికి తగ్గుతాయి. అప్పటిదాకా జీతం కోతపడని సెలవులు పొదుపుగా వాడండి, ఇంటి నుంచి పని కుదిరితే అడగండి. మీ ఆయనకు ఎన్ని రోజులు సెలవు వస్తుందో ఆయన్నీ కనుక్కోమనండి. చాలామంది మగవాళ్లకు తమ సెలవు సంగతే తెలియదు.

ఉయ్యాల, బట్టలు, బొమ్మల గురించి 28వ వారం దాకా మాట్లాడుకోవద్దు. మొదటి నెలకు కావలసినవి ఒక్క సంచిలో పడతాయి.

చివరగా మీ నిద్ర. ఈ ఉత్తరం మీ ఆయన చేతికివ్వండి. ఏజెంట్‌కు ఫోన్ చేసి వద్దని చెప్పడం, పాలసీ కాగితాలు వెతికి ఆ నాలుగు ప్రశ్నలూ మెయిల్ చేయడం, ఆస్పత్రిలో సిజేరియన్ అంకె కనుక్కోవడం ఈ వారం ఆయన పనులు. ఆదివారం పొద్దున ఇద్దరూ కూర్చుని నా 100 పాళ్ల చోట మీ అసలు అంకెలు వేసుకోండి. రాత్రిపూట మాత్రం లెక్కల జోలికి పోకండి.